ఇల్లు మారాక కుక్క ఇంట్లోనే పాస్ పోస్తుంటే: విశాఖ అపార్ట్‌మెంట్‌లో మళ్లీ అలవాటు చేయడం ఎలా

పెందుర్తిలో మేం ఉన్న ఇంటి వెనక, కొబ్బరిచెట్టు మొదట్లో బెత్తెడు మేర గడ్డి మొలిచేది కాదు. ఐదేళ్లపాటు మా జిమ్మీ రోజూ అక్కడే పాస్ పోసేవాడు. తలుపు తీస్తే చాలు, తనే వెళ్లి తనే వచ్చేవాడు. మధురవాడలో ఐదో అంతస్తుకు మారిన మొదటి వారంలో హాల్లో, వంటగది గుమ్మంలో, అమ్మ పూజ చేసుకునే గది ముందు, అంతా కలిపి పదకొండుసార్లు పోశాడు. కిందికి తీసుకెళ్లి అరగంట నిలబెట్టినా చుక్క రాదు. పైకి రాగానే టైల్స్ మీద మడుగు.

"ఇన్నేళ్లు బుద్ధిగా ఉన్నాడు కదా, ఇప్పుడేం వచ్చిందిరా వీడికి?" అని అమ్మ బాధపడింది. ఇల్లు మారిన చాలామంది ఇదే మాట అంటారు. ఇంట్లో పోయకూడదనే నియమం కుక్కకు వచ్చేసిందని మనం అనుకుంటాం. నిజానికి దానికి తెలిసింది ఒక చోటు. ఆ మట్టి, ఆ వాసన, ఆ తలుపు, ఆ దారి. ఇల్లు మారడంతో నాలుగూ ఒక్కరోజులో మాయమయ్యాయి. దానికి తోడు భయం. కొత్త చోట, తెలియని చప్పుళ్ల మధ్య పాస్ పోయడానికి కుక్కకు ధైర్యం చాలదు, అందుకే కింద బిగబట్టుకుంటుంది. పైకొచ్చి కాస్త కుదుటపడ్డాక ఇక ఆపుకోలేక వదిలేస్తుంది. దాని పాత చోటు పోయింది కాబట్టి, కొత్త చోటు ఒకటి తయారుచేసి దాని చేతిలో పెట్టినట్టు ఇవ్వాలి. నేను కింద రాసిందంతా ఆ పని గురించే.

ముందు డాక్టరు

భయం వల్లే అని మనంతట మనం తేల్చేసుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా బయటికి ఇలాగే కనబడుతుంది. మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తున్నా, ముక్కుతున్నా, ఎర్రజీర కనబడినా, పడుకున్న చోట తనకు తెలియకుండానే తడి అవుతున్నా ముందు పశువైద్యుడికి చూపించండి. మగకుక్క పోయడానికి ప్రయత్నిస్తున్నా అసలు రాకపోతే ఆలస్యం చేయకుండా ఆ పూటే తీసుకెళ్లాలి. రాయి అడ్డుపడి ఉండొచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో కొన్నిటికి వయసు పెరిగాక నిద్రలో మూత్రం కారుతుంది. దానికి మందులున్నాయి.

నీళ్లు ఎన్ని తాగుతోందో కూడా ఒక రోజు కొలవండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 15 కిలోల కుక్క రోజుకు లీటరున్నర పైన తాగుతుంటే, షుగరు, కిడ్నీ పరీక్షలు చేయించాలి. అంతేగానీ ఇంట్లో పోస్తోందని నీళ్ల గిన్నె తీసేయొద్దు. విశాఖ ఉక్కపోతలో అది ప్రమాదం.

డాక్టరు మూత్రం శాంపిల్ తెమ్మంటే చాలామంది కంగారుపడతారు. పొడుగు కాడ ఉన్న పాత గరిటె ఒకటి వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. పొద్దున మొదటిసారి పోసేటప్పుడు, ధార మొదలయ్యాక పక్కనుంచి మెల్లగా కిందికి జరపండి. ముందే పెడితే బెదిరి ఆపేస్తుంది. శుభ్రమైన సీసాలో పోసి గంట, రెండు గంటల్లో ఇచ్చేయాలి. ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి.

వారం రోజులు రాసుకోండి

డాక్టరు ఏమీ లేదన్నాక ఒక కాగితం ఫ్రిజ్ తలుపుకి అతికించండి. ఎప్పుడు పోసింది, ఏ గదిలో, ఎంత, దానికి ముందు ఏం జరిగింది. ఈ నాలుగే. ఇది చాదస్తంలా అనిపిస్తుందిగానీ మాకు దారి చూపించింది ఈ కాగితమే. జిమ్మీ పదకొండుసార్లలో ఏడుసార్లు కిందినుంచి వచ్చిన ఇరవై నిమిషాల లోపే. రెండుసార్లు కొత్త బీరువా కాలికి కొద్దికొద్దిగా. మిగతా రెండూ అపార్ట్‌మెంట్ జనరేటర్ ఒక్కసారిగా మోగినప్పుడు. ఇంట్లో అందరికీ ఒకే సమస్యలా కనిపించింది మూడు రకాలని అప్పుడు తెలిసింది. మూడింటికీ మందు వేరు.

పెద్ద మడుగు పోస్తే, బయట పని అవ్వలేదని అర్థం. నిలువుగా ఉన్న వాటికి, అంటే బీరువా కాలికి, గ్యాస్ బండకి, పరదా అంచుకి చెంచాడు చెంచాడు పోస్తే అది ఈ చోటు నాదేనని వాసనతో గుర్తు వేయడం. మగకుక్కల్లో ఎక్కువ, ఆడకుక్కలూ చేస్తాయి. ఇంతకుముందు అద్దెకున్నవాళ్లకి కుక్కో పిల్లో ఉంటే ఆ వాసన మన ముక్కుకి తెలియకపోయినా దానికి తెలుస్తుంది. మగకుక్కకి ఆపరేషన్ చేయిస్తే ఈ గుర్తులు పెట్టడం చాలావరకు తగ్గుతుంది, పాత అలవాటైతే పూర్తిగా పోకపోవచ్చు. మీరు ఇంటికి రాగానే చెవులు వెనక్కి పెట్టి, ఒళ్లు వంచి, కాళ్ల దగ్గర పోస్తే అది భయభక్తి. దాని మీదికి వంగొద్దు, కేకలొద్దు. పక్కకి తిరిగి కూర్చుని, తనే దగ్గరికొచ్చేదాకా ఆగితే మెల్లగా తగ్గిపోతుంది. మీరు లేనప్పుడు మాత్రమే పోస్తే ఒంటరితనం. దాని గురించి చివర్లో విడిగా రాశాను.

నేల కడగడం

మనలో చాలామంది ఇక్కడే పొరబడతాం. పోయగానే ఫినాయిల్ వేసి తుడిచేస్తాం. ఫినాయిల్ మన ముక్కుకి వాసన తెలియకుండా చేస్తుందంతే, కుక్క ముక్కుకి కింద మూత్రం ఉన్నట్టే ఉంటుంది. పైగా అది పాదాలకంటుకుంటే నాకుతుంది, ఒంటికి మంచిది కాదు. అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఇంకా చేటు, ఆ వాసన మూత్రానికి దగ్గరగా ఉండి మళ్లీ అక్కడికే పిలుస్తుంది.

ముందు పాత న్యూస్‌పేపర్లు నాలుగు మడతలు వేసి, వాటి మీద నిలబడి తడంతా పీల్పించండి. రుద్దితే పక్కలకి పాకుతుంది. తర్వాత మామూలు నీళ్లతో తుడిచి, పెంపుడు జంతువుల షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వేయండి. సీసా మీద రాసినంతసేపు తడిగానే వదిలేయాలి. ఎంజైమ్‌లు మూత్రంలోని పదార్థాలను విరగ్గొట్టాలంటే టైమ్ కావాలి. వేసిన వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ. టైల్స్ మధ్య గీతల్లోకి మూత్రం ఇంకుతుంది కాబట్టి అక్కడ ఇంకొంచెం పోయండి. ఎంజైమ్ క్లీనర్ దొరక్కపోతే తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి వాడొచ్చు. మార్బుల్ మీద మాత్రం వెనిగర్ వద్దు, మెరుపు పోతుంది. పరుపుల మీద వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి దులపండి. బ్లీచింగ్‌ని బాత్రూమ్ యాసిడ్‌తో గానీ వెనిగర్‌తో గానీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. పాత మరకలు ఎక్కడున్నాయో తెలియకపోతే రాత్రి లైట్లు ఆర్పి అల్ట్రావయొలెట్ టార్చితో చూడండి, ఎండిన మూత్రం మెరుస్తూ కనబడుతుంది.

గృహప్రవేశం సంగతి ఒకటి చెప్పాలి. ఆరోజు మేం ఆవుని హాల్లోకి తీసుకొచ్చాం, గోమూత్రం గదులన్నిటా చల్లాం. అది మన ఆచారం, నేనూ మనసారా చేశాను. కానీ మర్నాడు జిమ్మీ ఇంట్లో అడుగుపెట్టి ముందుగా ముక్కు ఆనించింది ఆవు నిలబడిన మూలకే, మొదటిసారి పోసిందీ అక్కడే. ఇంకో జంతువు మూత్రం వాసన ఉన్న చోటు కుక్క దృష్టిలో పోసుకునే చోటే. మీరింకా మారకపోతే గోమూత్రం గుమ్మం దగ్గర మామిడాకుతో నాలుగు చుక్కలు చల్లమని పంతులుగారిని అడగండి, కాదనరు. కుక్కని తీసుకొచ్చేలోపు ఆ చోట్లన్నీ పైన చెప్పినట్టు కడిగేయండి. హోమం పొగ, చుట్టాల సందడి ఉండే ఆ ఒక్కరోజూ కుక్క తనకు తెలిసినవాళ్లింట్లో ఉంటేనే మంచిది.

ఇల్లు చిన్నది చేయండి

మూడు బెడ్‌రూముల ఫ్లాట్ మొత్తం ఒకేసారి తెరిచిపెడితే, అందులో ఏ మూల పడుకునేది, ఏ మూల పోసుకునేది అన్న తేడా కుక్కకు తెలియదు. కుక్క సహజంగా తను పడుకునే చోటు పాడుచేసుకోదు. ఆ గుణాన్ని వాడుకుందాం. మొదట్లో హాల్లో ఒక భాగం చాలు. చిన్నపిల్లలకి పెట్టే గేటుతోనో, సోఫా అడ్డంగా జరిపో ఆపండి. పాత దుప్పటి ఉతక్కుండా అక్కడే వేయండి. కొత్త ఇల్లు కదా అని దాని పడకా గిన్నెలూ కొత్తవి కొనడం ఇప్పుడొద్దు. దానికి ఆ ఇంట్లో తెలిసిన వాసన అదొక్కటే.

మీరు ఇంట్లో తిరుగుతున్నంతసేపూ పొడుగు తాడుతో మీ వెంట ఉంచుకోండి. వంట చేస్తుంటే వంటగది గుమ్మంలో, టీవీ చూస్తుంటే కాళ్ల దగ్గర. కళ్ల ముందుంటే గుండ్రంగా తిరగడం, నేల వాసన చూడటం, తలుపు వైపు చూడటం లాంటి సైగలు ముందే పట్టుకోవచ్చు. బోను అలవాటు లేని కుక్కని ఇప్పుడు కొత్తగా బోనులో పెట్టకండి, టెన్షన్ రెట్టింపవుతుంది.

కింద ఒక చోటు, ఒక మాట

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. తొందరపడకండి.

ఐదేళ్లు మట్టి మీద పోసిన కుక్కకి సిమెంటు నేల పోసుకునే చోటుగా అనిపించదు. పాదాల కింద ఏముందో దాన్ని బట్టే అది నిర్ణయించుకుంటుంది. అందుకని ఒక ఆదివారం పెందుర్తి వెళ్లి, పాత ఇంటివాళ్లని అడిగి కొబ్బరిచెట్టు మొదట్లోంచి అర బకెట్టు మట్టి తెచ్చాను. కింద కాంపౌండ్ గోడ పక్కన మొక్కల కోసం వదిలిన మట్టి ఉంది. వాచ్‌మన్‌కి చెప్పి, ఒక మూల ఆ మట్టి పరిచాను. ఇంట్లో మూత్రం పీల్చిన న్యూస్‌పేపరు ముక్క ఒకటి కూడా అక్కడే కప్పెట్టాను. ఆ సాయంత్రం జిమ్మీని తీసుకెళ్తే ముక్కు మట్టిలోకి దూర్చేసి, ఊపిరాడనంతగా వాసన చూశాడు. తోక మెల్లగా కదిలింది. రెండు చుట్లు తిరిగి పోసేశాడు. కొత్త ఇంట్లో బయట పోయడం అదే మొదటిసారి. ఆనందంతో నాకు నోట మాట రాలేదు.

మీకు పాత మట్టి దొరక్కపోయినా పద్ధతి ఒకటే. రోజూ అదే దారిన అదే చోటికి తీసుకెళ్లండి. పెద్ద కుక్కనైతే మొదటి రెండు వారాలు మెలకువ రాగానే, తిన్న పదిహేను ఇరవై నిమిషాలకి, ఆట అయ్యాక, పడుకోబోయే ముందు, పగలు మూడు నాలుగు గంటలకోసారి. అక్కడికి వెళ్లాక మీరు కదలకుండా నిలబడండి. ఫోన్ చూడొద్దు, గొలుసు లాగొద్దు. పోయడానికి సిద్ధమవుతుండగా మెల్లగా ఒక మాట అనండి. నేను "కానియ్ నాన్నా" అంటాను. రోజూ అదే మాట వింటే కొన్నాళ్లకి ఆ మాటకే పోస్తుంది, వాన పడుతున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

పోయడం పూర్తయిన రెండు మూడు సెకన్లలో, అక్కడికక్కడే ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేకుండా. మధ్యలో పెడితే సగంలో ఆపేసి మీ వైపు తిరుగుతుంది, మిగతా సగం ఇంట్లో పోస్తుంది. పైకొచ్చాక పెడితే దేనికి పెట్టారో దానికి అర్థం కాదు. ఇంకోటి, పోయగానే పైకి లాక్కొచ్చేయొద్దు. పోస్తే తిరగడం అయిపోయినట్టేనని అర్థమైతే బిగబట్టడం మొదలుపెడుతుంది. పోశాకే షికారు మొదలవ్వాలి.

పది నిమిషాలైనా పోయకపోతే ఏమీ అనకుండా పైకి తీసుకురండి. కానీ వదిలేయొద్దు. గొలుసు చేతిలోనే ఉంచుకుని పక్కన కూర్చోబెట్టుకుని, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ కిందికి. మా కాగితంలో ఏడు మడుగులూ పైకొచ్చిన ఇరవై నిమిషాల్లోనే అయ్యాయని చెప్పాను కదా, ఈ ఒక్క పనితో అవి దాదాపు ఆగిపోయాయి.

వీధికుక్కలు, లిఫ్ట్, వాన

విశాఖలో ప్రతి సందుకీ ఒక గుంపు ఉంటుంది, కొత్త కుక్క కనబడితే మొరిగి మీదికొస్తాయి. నడుం వంచి కాలెత్తే క్షణం కుక్క తనను తాను కాపాడుకోలేని క్షణం, వెనక మొరుగుళ్లు వినబడుతుంటే అది పోయదు. మొదట్లో గేటు దాటొద్దు, కాంపౌండ్ లోపలే. తర్వాత గుంపులు నిద్రలో ఉండే వేళలు చూసుకోండి. మా సందులో తెల్లవారుజామున పాలబండి రాకముందు ప్రశాంతంగా ఉంటుంది. కొన్నాళ్లు రోజూ చూస్తే అవీ అలవాటుపడతాయి. రేబిస్ టీకా గడువు దాటకుండా చూసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం తీసుకెళ్లాల్సి వస్తే ముందు మీ అరచెయ్యి వెనకవైపు రోడ్డుకి ఐదు సెకన్లు ఆనించండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలకీ కాలుతుంది.

లిఫ్ట్‌కి భయపడే కుక్క అందులోనే పోసేస్తుంది. తలుపు తెరిచి పట్టుకుని, ముందు గుమ్మంలో ఒక ముక్క, మర్నాడు లోపల ఒక ముక్క, ఆ తర్వాత ఒక్క అంతస్తు. ఈలోపు మెట్లే. ఎప్పుడైనా లిఫ్ట్‌లో పోస్తే వెంటనే తుడవడానికి జేబులో గుడ్డ, స్ప్రే సీసా ఉండాలి. పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి గానీ లిఫ్ట్ వాడనివ్వకపోవడానికి గానీ అసోసియేషన్లకు వీల్లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో ఉంది. అయినా నేను ఆ కాగితం ఎవరికీ చూపించలేదు. ఎదురింటి ఆంటీకి, వాచ్‌మన్‌కి ముందే వెళ్లి "కొత్తగా వచ్చాడండీ, భయపడుతున్నాడు, ఏదైనా అయితే నేనే కడుగుతాను" అని చెప్పాను. ఆంటీ ఇప్పుడు జిమ్మీకి రోజూ చపాతీ ముక్క దాచిపెడుతున్నారు.

అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో రెండేసి రోజులు కిందికి దిగలేం. బాల్కనీలో వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో మట్టి పోసి ఉంచండి. మామూలు రోజుల్లోనే రెండు మూడుసార్లు అక్కడ పోయించి అలవాటు చేస్తేనే గాలివాన రోజున పనికొస్తుంది. దీపావళికి చీకటి పడకముందే కిందికి తీసుకెళ్లి వచ్చేయాలి. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు నేవీ విన్యాసాలున్న రోజుల్లో విమానాలు తిరిగే వేళలు కూడా చూసుకోండి. చప్పుడు మొదలైతే కిటికీలు మూసి, ఫ్యాన్ పెద్దగా పెట్టి, లోపలి గదిలో దాని పక్కన కూర్చోండి. భయపడ్డ కుక్కని దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందన్న మాట నిజం కాదు.

ఇంట్లో పోసేస్తే

కళ్ల ముందు పోస్తుంటే పేరుపెట్టి హుషారుగా పిలిచి కిందికి తీసుకెళ్లండి, మిగతాది అక్కడ పోస్తే ముక్క పెట్టండి. తర్వాత చూస్తే చేయగలిగింది కడగడమే. ముక్కు పట్టి మూత్రంలో రుద్దడం, పేపరు చుట్టి కొట్టడం మన పెద్దవాళ్లు చేసేవారు. దానివల్ల కుక్క తెలుసుకునేది మనిషి ముందు పోయడం ప్రమాదమని. ఇక కింద మీరు పక్కన నిలబడితే పోయదు, ఇంట్లో మంచం కింద దూరి పోస్తుంది. "తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడు" అంటారు. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే శాస్త్రవేత్త దీన్ని పరీక్షించారు. కుక్క తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ మొహం ఎక్కువగా కనిపించింది. అది మన కోపాన్ని చూసి పెట్టే మొహం.

ఒంటరిగా ఉండలేని కుక్క

మీరు వెళ్లిన అరగంటలోపే తలుపు దగ్గర పోయడం, తలుపు గీరడం, ఊళ పెట్టడం, చొంగ కార్చడం ఉంటే అది వేరే కథ. పాత ఫోన్‌లో వీడియో ఆన్ చేసి వెళ్లండి, డాక్టరుకి కూడా పనికొస్తుంది. రోజుకు చాలాసార్లు తాళంచెవి తీసుకుని మళ్లీ కూర్చోండి. తర్వాత తలుపు బయట పది సెకన్లు, ముప్పై సెకన్లు, రెండు నిమిషాలు. వీడియోలో కంగారు కనబడితే వెనక్కి తగ్గండి. ఈ సాధన సాగినన్నాళ్లు నిజంగా ఒంటరిగా వదలకపోవడమే అసలు కష్టం. మామ్మగారో, పక్కింటివాళ్లో, సెలవో, ఏదో ఒక ఏర్పాటు కావాలి. గిన్నెలో పెరుగన్నం గడ్డకట్టించి వెళ్లేటప్పుడు పెడితే నాకుతూ కొంతసేపు కుదురుగా ఉంటుంది.

మూడు నాలుగు వారాలు ఇవన్నీ చేసినా మార్పు లేకపోతే, లేదా కుక్క తినడమే మానేస్తే మందుల గురించి డాక్టర్ని అడగండి. ఫ్లూక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటివి కుక్కల ఆందోళనకు వాడతారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, సాధన మానకూడదు, మధ్యలో సొంతంగా ఆపకూడదు. మన ఇంట్లో ఉన్న నిద్రమాత్రో నొప్పిమాత్రో వేయడం ఎప్పుడూ వద్దు. ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ కుక్కకు విషం కావొచ్చు.

వరసగా రెండు వారాలు ఇల్లు పొడిగా ఉంటే ఒక్క గది తెరవండి. ఆ గదిలో ముందు నాలుగు రోజులు మీతోపాటే తిప్పి, దాని దుప్పటి అక్కడ కాసేపు వేసి, అన్నం గిన్నె ఒక పూట అక్కడ పెట్టండి. మళ్లీ పోస్తే ఒక గది వెనక్కి. జిమ్మీకి ఇల్లంతా తెరవడానికి మాకు రెండున్నర నెలలు పట్టింది. పూజగది ముందు చాప అన్నిటికంటే చివర్న పరిచాం. ఆరోజు అమ్మ దీపం పెడుతుంటే జిమ్మీ వచ్చి చాప అంచు వాసన చూసి, దాని మీదే పడుకున్నాడు.